మూడు నూళ్ల బోల్టు

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్త ఊరంతా చెప్పేది. అబద్ధమేం కాదు. కానీ ఆ కోపమే ఒకసారి నాకు మగ్గం సంపాదించి పెట్టింది.

అవి యుద్ధం రోజులు. నిజాం రాజ్యంలో నూలు కూడా కంట్రోలు మీదే, ఇంటికింతని లెక్కగా దొరికేది. కట్టంగూరు దగ్గరి మా ఇంట్లో ఉన్నది ఒక్కటే గుంట మగ్గం, దాని మీద మామ నేసేవాడు. నేను కండెలు చుట్టేదాన్ని. నేతంటే నాకు ప్రాణం, కానీ కూర్చునే జాగా ఏది? ఆ ఏడు మామ కొత్త మగ్గం చేయిస్తూ, "గిది కదలకుండ నిలవడ్డదంటే పాతది నీదే, కోడలా" అన్నాడు. ఆ మాట విన్నాక నా కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు.

కొత్తదానికి టేకు గుంజలు, వాటికి ఇనుప పట్టీలు, రెంటినీ కలిపి బిగించే బోల్టులు. టేకు సరిగ్గా సరిపోయేంతే ఉంది, ఒక్క గుంజ చెడినా ఇంకోటి లేదు. ఒక్క బెజ్జం వదులైనా మగ్గం ఊగుతుంది, నేను మళ్లీ కండెల దగ్గరికే.

వడ్రంగం చేసే వడ్ల తాత వాకిట్లో బెజ్జాలు వేసే బర్మా పెట్టుకుని కూర్చున్నాడు. బర్మాకు బిగించే ఇనుప మొనల్ని ఆయన ముళ్లు అనేవాడు. సంచి నిండా అవే. ముందు పట్టీలు తొలిచాడు.

"ఇనుముకు మొద్దు మూతి ముల్లు, జర నూనె, నిమ్మలంగ తిప్పాలె. బెజ్జం ఎంట్రుకంత వదులుండాలె. కట్టెకైతే వాడి ముల్లు. బోల్టు సుత్తితోటి కొడితేనే దిగాలె. కట్టె ముల్లును ఇనుముకు తాకిచ్చినవనుకో, దాని వాడి సచ్చిపోతది."

పట్టీలయ్యాక నన్ను కేకేశాడు. "గీ బోల్టుకు మూడు నూళ్లు గావాలె. జర అందియ్యి బిడ్డా."

ఉరికిపోయి మూడు నూలుపోగులు తెంపుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను. తాత వాటిని చూశాడు, నన్ను చూశాడు. నోట్లో చుట్ట కింద పడేదాకా నవ్వాడు. వడ్లవాళ్ల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలట, ఆయన అడిగింది మూడు నూళ్ల మందం ముల్లట! నాకేం తెలుసు? "కంట్రోలు నూలు తెంపితివి గదనే!" అని అత్త నెత్తి బాదుకుంది. మామ కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

తాత తానే సంచిలోంచి ఒక ముల్లు తీసుకున్నాడు. చటుక్కున లాక్కున్నాను. "మీ నూలు గట్లుంటే మా నూలు గిట్లుంటది" అని, దాని మూతికి ఈ అంచు నుంచి ఆ అంచుకు పోగు పట్టి, గోటితో గుర్తు నొక్కి, అదే పోగును బోల్టు కొస మీద పెట్టాను. బోల్టు అయిపోయింది, పోగు ఇంకా మిగిలింది.

"తాతా, గిది బోల్టు కన్న పెద్దగుంది."

అందరి నవ్వూ ఆగిపోయింది. తాత ముల్లును కంటి దగ్గర పెట్టుకుని చూశాడు.

"అరె, నాలుగు నూళ్లదే! కట్టె ఖరాబైతుండె. కండ్లు మోసం జేసినయ్ బిడ్డా."

తర్వాత ఆయన ఒక్కో ముల్లు ఇస్తుంటే నేను పోగుతో కొలిచి, సరిపోయిందాన్నే చేతికిచ్చాను. తాత గుంజలు తొలిచాడు, బోల్టులన్నీ సుత్తి దెబ్బలు తింటూ దిగాయి. మామ మగ్గాన్ని రెండు చేతులా పట్టి ఊపాడు. కదల్లేదు. ఆయన పాత మగ్గం గుంట వైపు చూసి, "దిగు" అన్నాడు.

దిగాను. సంతోషం పట్టలేక తొందరపడ్డాను. పోగును అటూ ఇటూ మోసే నాడెను నాలుగుసార్లు విసిరానో లేదో, పోగు తెగింది.

"మూడు నూళ్లు తెగినయా, నాలుగా?" అని వాకిట్లోంచి తాత కేకేశాడు.

అందరికన్నా ముందు నేనే నవ్వాను.