తాటిబద్ద మీద గాట్లు

ఆ ఊరి బడికి నన్ను వేయమని నేనే అడిగాను. ఏలూరులో ట్రైనింగు పూర్తిచేసిన ఆడపిల్లలందరూ రైలు స్టేషను దగ్గరున్న బడులు కోరుకుంటుంటే, నేను మాత్రం భీమడోలులో దిగి, ఎండలో నడిచి, ఆపైన దోనె ఎక్కితే గాని చేరలేని కొల్లేటి ఊరు కోరుకున్నాను. మిషను దొరసాని మురిసిపోయి, నీది సేవ చేసే మనసు అంది. నా మనసులో ఉన్నది సేవ కాదు, పగ.

నేను పుట్టింది ఆ ఊరి వెలుపలి పేటలోనే. పేట పక్కగా చిన్న కోడు ఒకటి పారి కొల్లేట్లో కలుస్తుంది. వాన నీళ్ళన్నీ దాంట్లోంచే పోవాలి. నాకు పదేళ్ళప్పుడు ఊరి ఆసామి కొల్లేట్లోకి జరిగి మరికొంత నేల సాగు చేసుకోవాలని, ఆ కోడు నోటికి అడ్డంగా గట్టు వేయించాడు. ఆ ఏడు వానలకు నీళ్ళు ఎగదన్ని పేటలోకి వచ్చాయి. నానిన గోడ మా అమ్మ మీద కూలింది. మట్టి తీసి అమ్మను బయటికి లాగుతుంటే ఆసామి గట్టు మీద నిలబడి, "మట్టిగోడ కూలక ఏం చేస్తుందర్రా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, మామూలుగా అన్నాడు. ఆ తర్వాత మిషను హాస్టల్లో చదువుకున్నన్నాళ్ళూ ఆ మాటను గంజితో పాటు రోజూ మింగాను.

పంతులమ్మగా తిరిగొచ్చేసరికి ఆయన ముసలివాడయ్యాడు. కళ్ళకు పొరలు కమ్మాయి. గట్టు మాత్రం అలాగే ఉంది, ఏటేటా ఇంకాస్త ఎత్తు పెరిగింది కూడా. పేటవాళ్ళు అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయారు. కొల్లేరన్నాక పొంగుతుంది, దానికెవరేం చేస్తారన్నది ఆయన జవాబు. ఆఫీసులో అందరికీ అదే సబబుగా తోచేది.

పిల్లల చేత ఊరిని చదివించాలి, ఊళ్ళో బాగాలేనిదేదో వాళ్ళే కనిపెట్టి వాళ్ళే బాగుచెయ్యాలి అని ట్రైనింగులో మాకు నేర్పారు. నేనూ అలాగే చేయించాను. పిల్లలు మంచినీళ్ళ కుండలకు మూతలు వేయించారు. బడి చుట్టూ గుంటలు పూడ్చారు. పెద్దవాళ్ళకు సంతకం పెట్టడం నేర్పారు. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. అవన్నీ మంచి పనులే, కాదనను. నాకు మాత్రం అసలు పని మొదలుపెట్టేదాకా కాలక్షేపం.

రెండో ఏడు తొలకరికి రెండు తాటిబద్దలు చెక్కించాను. జానకొక గాటు పెట్టించి, గాట్లలో సున్నం నింపించాను. ఒకటి గట్టుకు ఇవతల, పేట వైపు పాతాం. ఇంకొకటి అవతల, కొల్లేటి వైపు, రెండిటి గాట్లూ ఒకే మట్టంలో ఉండేలా. రోజూ పొద్దున్నే పిల్లలు వెళ్ళి రెండిటి మీదా నీరు ఎన్నో గాటు దాకా ఉందో చూసి పుస్తకంలో రాయాలి. బడిలో ఊరి పిల్లలు చాప మీద, పేట పిల్లలు నేల మీద కూర్చునేవారు. బద్దల దగ్గర మాత్రం అందరూ ఒకే నీళ్ళలో మోకాలి లోతున నిలబడేవారు.

పుస్తకం రాసే పని ఆసామి మనవరాలికి ఇచ్చాను. పన్నెండేళ్ళ పిల్ల, గుండ్రటి రాత. కళ్ళు కనబడని తాతకు ఉత్తరాలూ పత్రికా చదివి పెడుతుందనే ఆయన దాన్ని పేట పంతులమ్మ దగ్గరికి పంపడానికి ఒప్పుకున్నాడు. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి తేడా తియ్యమని నేను ఎన్నడూ చెప్పలేదు. పుస్తకం పూర్తయ్యేదాకా ఇంట్లో చదవొద్దని మాత్రం చెప్పాను. అది సరేనండీ అంది. నీళ్ళ లెక్కలు రాస్తున్నామంటే ముసలాయన బడి లెక్కలే అనుకున్నాడు.

వానలు వెనకబట్టాక, మళ్ళీ ఒక అర్జీ మీద తాసిల్దారు పడవలో వచ్చాడు. బడి చూరు కింద కుర్చీ వేశారు. ఊరూ పేటా రెండూ వచ్చాయి.

"వానొస్తే కొల్లేరు అంతటా ఒక్కలాగే పొంగుద్దండీ," అన్నాడు ఆసామి. "మధ్యన నా గట్టేం చేసిందండీ, పాపం!"

"పిల్లలు రాసిన పుస్తకం ఉందండీ," అన్నాను నేను.

నేనే చదవొచ్చు. ఎదురుగా పేట పిల్లలు పదిమంది ఉన్నారు, వాళ్ళలో ఎవరి చేతనైనా చదివించొచ్చు. ఊరికే నిలబడ్డాను. ఆ మాట ఆయన నోటినుంచే రావాలని ఎదురుచూశాను, వచ్చింది.

"మా పిల్ల చేత చదివించమ్మా పంతులమ్మా. దాని రాతేనంటగా. అది చదివితే వినాలండీ తాసిల్దారుగారూ, గంట కొట్టినట్టుంటది!"

పుస్తకం ఆ పిల్ల చేతిలో పెట్టాను. అది ఒకసారి నా మొహంలోకి చూసి చదవడం మొదలుపెట్టింది. పేట వైపు మూడు, అవతల రెండు. పేట వైపు నాలుగు, అవతల రెండు. పేట వైపు అయిదు, అవతల రెండు. ముసలాయన తల ఊపుతూనే ఉన్నాడు, దేనికి ఊపుతున్నాడో తెలియకుండా.

"అంటే ఆ రోజు తేడా ఎంతమ్మా?" అన్నాడు తాసిల్దారు.

"మూడు జానలండీ."

ముసలాయన తల ఆగిపోయింది. ఆ మొహం చూడడానికి నేను పదమూడేళ్ళు ఆగాను. కడుపు నిండా చూశాను. ఆ ఆనందాన్ని ఇప్పుడు దాచి మంచిదాన్నని అనిపించుకోను.

వారం తిరక్కుండా గట్టు కొట్టేశారు. పేటలో నిలిచిన నీరు ఒక్క పూటలో దిగిపోయింది. మా అమ్మ పోయిన చోట నేల బయటపడితే అక్కడ కూర్చుని తనివితీరా ఏడ్చాను.

ఆ పిల్ల మర్నాటి నుంచి బడికి రాలేదు. తాడేపల్లిగూడెంలో మేనత్త ఇంటికి పంపేస్తున్నారని, చదువు చాలించారని తెలిసి వెళ్ళాను. నన్ను దడి దాటి రానివ్వలేదు. ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన విప్పని పత్రిక పడి ఉంది. పిల్ల బడి పలకా పుస్తకాలూ తెచ్చి దడి మీదుగా నాకు అందించింది.

"నీకు చదువు మాన్పించాలని కాదమ్మా," అన్నాను.

"తేడా నేను దసరాకి ముందే తీశానండీ," అంది ఆ పిల్ల. "మీ అమ్మగారి సంగతి కూడా మా నాయనమ్మ చెప్పింది. ఇంట్లో చదవొద్దన్నారని ఊరుకున్నానండీ. మీరు ఒక్కమాట అడిగితే ముందు తాతయ్యకే చదివి వినిపించేదాన్ని. నేను చదివితే ఆయన వింటాడండీ."

లోపలికి వెళ్ళిపోయింది. పలకా పుస్తకాలూ పట్టుకుని నేను బడి వైపు నడిచాను.

గట్టు కొట్టించినందుకు నాకు ఇవాళ్టికీ విచారం లేదు. కానీ ఆ పిల్ల మాట వదలదు. నిజంగా వినేవాడా? మనవరాలు చదివితే విని, తన గట్టు తనే కొట్టించుకునేవాడా? వినేవాడు కాదనే నేను ఇన్నేళ్ళూ నాకు చెప్పుకుంటున్నాను. వినేవాడైతే మాత్రం నేను తట్టుకోలేను.