‘సాలు’ అన్నందుకు వైద్యం

ఆ రోజు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో నిలబడ్డ జనం ఒక కొత్త జిల్లాకు సరిపోతారు. నా పక్కన ఒక పత్తి వ్యాపారి, ఆయన భార్య కూర్చున్నారు. ఆయనను డాక్టరుకు చూపించడానికి తీసుకుపోతున్నానంది ఆమె.

“ఏం జబ్బమ్మా?” అన్నాను.

“యాపారం బాగా నడుస్తాంటే, ఇంక సాలని అంగడి మూసినాడన్నా. సుట్టాలంతా పిచ్చంటాండారు.”

భూమి పుట్టాక వ్యాపారి నోట ‘చాలు’ అన్న మాట రావడం బహుశా అదే మొదటిసారి. లేచి దండం పెడదామనుకున్నాను గానీ, లేస్తే సీటు పోతుంది.

ఆయన భార్య వైపు తిరిగి నవ్వాడు. “మే, ఇస్తరి కాడ అన్నం సాలంటే ఆరోగ్యం, అంగడి కాడ సాలంటే జబ్బా?”

ఎమ్మిగనూరులో దిగగానే ఆమె డాక్టరు దారి పట్టకుండా కండక్టరును అడిగింది.

“ఆదోనికి మళ్లీ బస్సు ఎప్పుడప్పా?”