తుండు కింద చేయి

ఆని నెల చివర, మామిడి కోతలయ్యే వేళకు, సింగానల్లూరు ఇంట్లో నా భార్య చనిపోయింది. పెరియకుళం చుట్టాలకు ఫోను చేసి చెప్పినవాడు ఆమె తమ్ముడు. మామిడితోపు అక్క తన చేతికే అప్పగించి పోయిందని కూడా అదే ఫోనులో చెప్పాడట. అబద్ధం. ఆమెను తలచుకోబోతే అతని పేరెత్తక తప్పడం లేదు. అదీ అతను చేసిన పనే.

తోపు ఆమెకు తల్లి ఇచ్చింది. మా వైపు మామిడి బేరం నోటితో జరగదు. తోపు మనిషి, వ్యాపారి చేయి చేయి పట్టుకుని పైన తుండుగుడ్డ కప్పుతారు. వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. ఆడవాళ్ళు ఆ తుండు కింద చేయి పెట్టరు. అందుకని ఆమె తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చింది. కాయ అమ్మడానికే. చెట్టు జోలికి పోవద్దని నోటితోనూ చెప్పింది.

ఒక ఏడు అతను పాత చెట్లను కట్టెకు అమ్మేశాడు. మేము వెళ్ళేసరికి మొదళ్ళే మిగిలాయి. ఏటా మా కాయ కొనే వాడిపట్టి ఊరి వ్యాపారే ఆ కట్టే కొన్నాడు. తల దించుకున్నాడు.

"ఎప్పుడూ మీ తంబి చేయే కదమ్మా పట్టుకునేది. మీరు వద్దన్నారని నాకెట్ల తెలుస్తాది?"

"మీ తప్పు లేదన్నా. పంపినది నేను, పడేదీ నేనే. కట్టె ఎత్తుకోండి."

ఎదుట నిలబెట్టిన మనిషిని నమ్మినవాడిది తప్పు కాదని చట్టమూ అంటుంది. కోర్టులో పనిచేసినవాణ్ణి, తమ్ముడి మీద మాత్రం నేను కేసు వేసేవాణ్ణి. ఆమె వేయనివ్వలేదు.

"కాయని చెట్లు తీసేస్తే తిట్టేదా అక్కా?" అని నవ్వాడు అతను.

"చెట్ల వయసు చూసేదానికి నిన్ను పెట్టలేదురా."

పవర్ రద్దు చేసింది. కాగితం చాలదు, బేరం చేసేవాడికి తెలియాలి అంది. మామిడి మండీలో అందరి ముందూ ఆ వ్యాపారి తుండు కింద తన చేయి పెట్టింది. అతను తడబడ్డాడు.

"పట్టుకోండన్నా. ఇంక ఇదే నా చేయి. వేరే చేయి వస్తే నాది కాదు."

"బావ ఊరకే చూస్తా ఉండాడే!" అని తమ్ముడు ఎగతాళి చేశాడు.

"ఆయన చేయి పట్టుకుంటే ధర దాగదు, వణుకుతాది," అంది. మండీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత ఆ వేలు నొక్కడం ఆమెకు అలవాటైంది. చుట్టాలింట్లో కూర్చుంటే కొంగు కింద నా వేలు నొక్కేది, ఇక లేద్దామని. ఆసుపత్రిలో దుప్పటి కింద కూడా నొక్కింది. ఏమన్నదో నాకు తెలియలేదు.

కరుమాది నాడు, కర్మ ముగిసే రోజున, వ్యాపారి పలకరించడానికి వచ్చాడు. అన్నాలింకా కాలేదు. తమ్ముడు అతని పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"మిగిలిన చెట్లూ తీసేస్తాము. అక్క నాకే చెప్పిపోయినాది," అంటూ చేయి చాచాడు.

"ఇచ్చిన మనిషి పోతే పవరే ఉండదు. నీది అంతకుముందే పోయింది. తోపు ఇప్పుడు మా అమ్మాయిది, నాది," అన్నాను.

"బావకు కోర్టు తెలుసు. చెట్టేం తెలుసు?"

వ్యాపారి లేచాడు. తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

"అమ్మ మండీలో నా చేయి పట్టుకుని చెప్పినాది, తంబీ."

తమ్ముడి చేయి అలాగే చాచి ఉంది. ఎవరూ దానిమీద గుడ్డ కప్పలేదు.