సీసా మీద వేయని పేరు

తొమ్మిదేళ్లుగా ఒక చిన్న సిరా సీసా నా గుండె మీద బరువుగా కూర్చుంది. దించుకునే దారి తెలియక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

తెనాలిలో నాకు పెన్నుల కొట్టుంది. సిరాలు నేనే కలుపుతాను. రేపల్లె నుంచి యేసుదాసుగారని ఒకాయన వచ్చేవారు. రైల్వే వర్క్‌షాపులో బోగీలకు రంగులు వేసి రిటైరైన మనిషి. నీలం బోగీలు రాకముందు ఉండే ఎర్రమట్టి రంగు సిరాగా రావాలని ఆయన పట్టు. పాత బోగీ నుంచి ఊడిన రంగు పెచ్చు ఒకటి టిఫిన్ డబ్బాలో దాచుకున్నారు. ఆదివారం చర్చి అవగానే పాసింజరెక్కి వచ్చేవారు. నేను కలిపిన సిరాతో గీత గీసి, ఆరేదాకా ఆగి, ఎండలో ఆ పెచ్చు పక్కన పెట్టి చూసి, తల అడ్డంగా ఊపేవారు. తడి రంగును నమ్మకూడదనేవారు. ఏది ఎన్ని చుక్కలు వేయాలో చివరికి తేల్చింది ఆయనే.

అడిగింది ఒక్కటే. బోగీ చివర వర్క్‌షాపు పేరు, రంగు వేసిన తేదీ రాస్తారు. వేసినవాడి పేరు రాయరు. ఇన్ని బోగీలకు రంగేశావు, ఒక్కదాని మీదైనా నీ పేరుందా నాన్నా అని కూతురు చిన్నప్పుడు ఆటపట్టించేదట. సీసా మీద చిన్న అక్షరాల్లో తన పేరు వేస్తే, బాపట్లలో ఉన్న ఆమెకు చూపిస్తానన్నారు. సరేనన్నాను.

వేయలేదు. ‘మా తాతగారి రైలు జ్ఞాపకం’ అని లేబుల్ అచ్చేయించాను. మా తాత దుగ్గిరాల యార్డులో పసుపు బస్తాలు మోసినవాడు. ఎందుకు చేశాను? తాత కథయితే జనానికి నచ్చుతుందనా, లేక ఆ రంగు నాది కాదని చెప్పుకోవడం నామోషీ అనిపించిందా? రెండూనేమో. రెండోదే ఎక్కువ.

ఆయన వచ్చారు. సీసాను తిప్పి తిప్పి చూశారు.

“మీ తాతగారు రైల్వేలో చేశారాండీ?”

“అవునండి.”

“ఏం పనండీ?”

నోరెలా వచ్చిందో నాకు. “బోగీలకి రంగులేసేవారండి.”

“అయితే నాకు తెలిసుండాలే,” అన్నారు.

సీసాను సంచిలో పెట్టుకుని స్టేషన్ వైపు వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. రెండేళ్లకు పోయారని తెలిసింది. ఆ రోజు నాలుగు తిట్టి ఉన్నా బాగుండేది.

పోయిన నెల ఆయన కూతురు కొట్టుకు వచ్చింది. నాన్న ఆదివారాలు ఈ కొట్టుకే వచ్చేవారని, ఆయన బీరువాలో ఈ సీసా దొరికిందని, లేబుల్ గీకేసి ఉందని, అదే రంగు ఇంకొకటి కావాలని అడిగింది. ఆయన ఆమెకు ఏమీ చెప్పలేదని అప్పుడర్థమైంది. ఈ రంగు ఎవరు కలిపారండీ అంది. నేను కొత్త సీసా మీది లేబుల్ చూపించాను. రెండోసారి. చదివి, మనవడు ఇంతగా గుర్తుపెట్టుకున్నాడంటే మీ తాతగారు అదృష్టవంతులండీ అని వెళ్లిపోయింది.

ఇదంతా ఆ సిరాతోనే రాశాను. ఇప్పటికి ఆరింది. నా పేరు వేయలేదు, పిరికితనం ఇంకా పోలేదు. ఆయన పేరు మాత్రం పైన రాశాను. ఆ రంగులో ఆ పేరు పడటం ఇదే మొదటిసారి.