పంపు వాషర్ పెట్టిన తుపాకీ

సంతల్లోనూ జాతరల్లోనూ రంగురంగుల బెలూన్లు కట్టిన బోర్డు, దాని ముందు ఒక ఎయిర్‌గన్ మీరు చూసే ఉంటారు. పది గుండ్లు కాల్చాలి, ఎన్ని బెలూన్లు పగిలాయో దాన్నిబట్టి బహుమతి. బోర్డు పక్కన కూర్చుని బెలూన్లు ఊదే మనిషిని మాత్రం ఎవరూ చూసి ఉండరు. ఆ మనిషిని నేను. రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో మా ఆయనా నేనూ ఆ బోర్డు మోసుకుని మా ఊరు కారేపల్లి నుంచి భద్రాచలం దాకా, గోదావరి దాటి అడవి అంచు సంతల దాకా తిరిగాం. ఊదీ ఊదీ నా బుగ్గలు సాగిపోయాయని ఆయన ఎగతాళి చేసేవాడు. పని లేనప్పుడు మగవాళ్లకు వచ్చే తెలివి అది.

ఆయన అసలు సైకిల్ మెకానిక్. ఊళ్లో అందరూ మోపెడ్లకు మారాక షాపు మూసేసి, ఎవరో వదిలించుకుంటున్న ఈ బోర్డునూ ఒక పాత గన్నునూ కొన్నాడు. రెండేళ్లకే గన్ను ముసలిదైపోయింది. గుండు బోర్డు దాకా పోయేది, బెలూన్‌కు తగిలేది, దాన్ని పగలగొట్టకుండానే కింద పడేది. డబ్బులిచ్చినవాళ్లు ఊరుకుంటారా? కొత్తది కొనే తాహతు మాకు లేదు.

"కొనుడెందుకే, నేనే చేస్త" అన్నాడు.

రెండు నెలలు ఖమ్మంలో పాత ఇనుప సామాన్ల దుకాణాలు ఒక్కటి వదలకుండా తిరిగాడు. గొట్టం దగ్గరా స్ప్రింగు దగ్గరా పీనాసితనం పనికిరాదు, మిగతా అన్నిటి దగ్గరా చెయ్యొచ్చు అనేవాడు. గొట్టం భద్రాచలంలో ఈ వ్యాపారమే మానేసిన ఒకాయన దగ్గర దొరికింది. లోపల తుప్పుందేమోనని దాన్ని ఎండకు పెట్టి, ఒక కన్ను మూసి పది నిమిషాలు చూశాడు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంతసేపు చూడలేదు. స్ప్రింగుకని మొదట మోపెడ్‌ది తెచ్చి బిగిస్తే ఇద్దరం వేలాడినా వంగలేదు. దాన్ని పక్కన పడేసి, తిట్టుకుంటూ మెత్తనిది కొత్తది కొన్నాడు.

లోపల గాలిని తోసే చోట సైకిల్ పంపు తోలు వాషర్ వేశాడు. దాన్ని మూడు రోజులు నూనెలో నానబెట్టాడు. బయట, గొట్టం వంచి గుండు పెట్టే చోట, గాలి కారకుండా నా పాత చెప్పు తోలు గుండ్రంగా కోసి అమర్చాడు. స్ప్రింగు నొక్కిపట్టి బిగించడానికి ఒక మనిషి చేతులు చాలవు. మూడో చెయ్యి నాది, ఒక్కోసారి కాలు కూడా నాదే. అందుకే ఆ తుపాకీ లోపల ఏది ఎక్కడుందో ఆయనకెంత తెలుసో నాకూ అంతే తెలుసు.

మిగిలింది భుజానికి ఆనించే కర్ర. చండ్రుగొండలో ఒక వడ్రంగి టేకు ముక్క చవకగా ఇస్తానన్నాడు. బస్సులో టేకు ముక్క కనబడితే ఫారెస్టు వాళ్లతో తంటా అని నేను వద్దన్నాను. మామిడి కర్రతో చేయించాం. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ మా ఆయన వడ్రంగి చెవిలో ఏం ఊదాడో గానీ, అది అచ్చం పోలీసుల చేతిలో ఉండే తుపాకీలా తయారై వచ్చింది. పైగా నల్ల రంగు.

"బెలూన్లు కొట్టేదానికి గింత సోకెందుకయ్యా?" అన్నాను.

"జనం జూసి రావద్దా? అసలు తుపాకీ లెక్క లేదూ?"

"అదే నా భయం" అన్నాను. ఆయన నవ్వాడు.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఆయన దాన్ని మరీ బాగా చేశాడు. పెరట్లో పది కాలిస్తే పదీ తగిలాయి. అందరికీ అట్లా తగిలితే మేం తినేదేమిటి? గొట్టం కొసన గురి చూసుకునే చిన్న ఇనుప ముక్క ఉంటుంది. పట్టకారు తీసుకుని దాన్ని నేనే కొంచెం పక్కకు వంచాను. ఈ వ్యాపారంలో అందరూ చేసే పనే, మాది పెద్ద పాపమేం కాదు. ఆయన మాత్రం రెండు రోజులు ఆ తుపాకీని ముట్టుకోలేదు.

ఆ రోజుల్లో అడవి అంచు ఊళ్లలో తుపాకీ అనే మాట ఎవరూ గట్టిగా అనేవాళ్లు కాదు. పగలు పోలీసులు వచ్చి రాత్రి ఎవరొచ్చారని అడిగేవాళ్లు. రాత్రి అడవిలోంచి అన్నలు వచ్చి పగలు ఎవరొచ్చారని అడిగేవాళ్లు. మధ్యలో ఉన్నవాళ్లది అడకత్తెరలో పోకచెక్క బతుకు. ఎవరికో బువ్వ పెట్టాడని ఒకడిని పట్టుకుపోయారనీ, ఎవరికో దారి చూపాడని ఇంకొకడు ఇంటికి తిరిగి రాలేదనీ సంతల్లో వినేవాళ్లం. విని బెలూన్లు ఊదుకునేవాళ్లం.

కొత్త తుపాకీతో మొదటిసారి భద్రాచలం పోతుంటే దారిలో బస్సు ఆపి తనిఖీ చేశారు. గోనెసంచి విప్పగానే కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కి వేశాడు. బోర్డు చూపించాం, బెలూన్ల పొట్లం చూపించాం. గొట్టం వంచి చూసి, ఎయిర్‌గన్నని తెలిశాక వాళ్లే నవ్వారు. గండం గడిచిందనుకుంటుంటే, "ఎక్కడ కొన్నవ్?" అని ఒకాయన మామూలుగా అడిగాడు.

"కొనలే సార్, నేనే చేసిన" అన్నాడు మా ఆయన ఛాతీ విరుచుకుని.

నవ్వులు ఆగిపోయాయి. పేరు, ఊరు, తండ్రి పేరు నోటుబుక్కులో రాసుకున్నారు. ఏం పని చేస్తాడన్న చోట ఏం రాశారో నేను తొంగి చూశాను. తుపాకీ చేయును అని రాసి ఉంది. బస్సెక్కాక ఆయన్ని నానా తిట్లూ తిట్టాను. కానీ రాసింది రాసిందే, తిడితే చెరిగిపోదు.

అది జరిగిన నెలకు గోదావరి అవతల ఒక సంతలో ఉన్నాం. మిట్టమధ్యాహ్నం. లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకున్న సన్నటి మనిషి వచ్చి పది గుండ్లు అడిగాడు. మొదటిది బెలూన్‌కు జానెడు ఎడమగా బోర్డుకు కొట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మామూలు మనిషైతే రెండోసారి ఇంకా జాగ్రత్తగా, ఆ బెలూన్‌కే గురిపెడతాడు. మళ్లీ తప్పుతాడు. దాని మీదే కదా మా బతుకు. ఇతను మాత్రం గొట్టాన్ని జానెడు కుడికి జరిపి, బెలూన్ లేని చోటికి గురిపెట్టి కాల్చాడు. బెలూన్ పగిలింది. మిగిలిన ఎనిమిదీ అట్లాగే వరసగా పగిలాయి. ఊదడానికి నోట్లో పెట్టుకున్న బెలూన్ అట్లాగే ఉండిపోయింది. ఒక్క గుండుతో తుపాకీ వంకర పట్టేసినవాడిది అలవాటైన చెయ్యి. అన్నో, మఫ్టీలో ఉన్న పోలీసో, నాకు ఇప్పటికీ తెలియదు.

అతను బహుమతి అడగలేదు. గొట్టం వంచి లోపల చూశాడు, వేలితో తడిమాడు.

"ఎవలు చేసిన్రు?"

మా ఆయన నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "ఖమ్మంల కొన్నం."

అతను నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. "కొన్నదానికి చెప్పు తోలు పెట్టరక్కా."

నేను నేల చూపులు చూశాను. మా ఆయన మొహం అద్దం, ఏదీ దాగదు. అతను ఆ మొహం చూసి తల ఊపాడు.

"మంచి చెయ్యి అన్నా నీది. మా దిక్కు రెండు మూడు పాడైనయ్ ఉన్నయ్. వచ్చే సంతకు వస్త, నాతోని వచ్చి చూసిపోవాలె. రెండు రోజుల పని." బతిమాలలేదు, బెదిరించలేదు. సంతలో మేకను బేరం చేసినట్టు మామూలుగా చెప్పి, జనంలో కలిసిపోయాడు.

ఆ వారం రోజులు మేం ఏం తిన్నామో నాకు గుర్తు లేదు. పోకపోతే కారేపల్లి ఎంత దూరమని? బోర్డు మోసుకు తిరిగే మొగుడూ పెళ్లాలు ఎక్కడుంటారని ఏ సంతలో అడిగినా చెబుతారు. పోయి ఆ పని చేస్తే, నోటుబుక్కులో ఆయన పేరు ముందే ఉంది. వచ్చినవాడు నిజంగా పోలీసే అయితే అది ఉచ్చు. పోలీసులకు చెబుదామా అంటే, ఆ మాట బయటికి పొక్కితే అన్నలు వదలరు. గేటు చప్పుడైతే చాలు, ఇద్దరం ఒకేసారి లేచి నిలబడేవాళ్లం.

అంత భయంలోనూ ఒకనాడు అన్నం కలుపుకుంటూ ఆయన, "మంచి చెయ్యి అన్నడే" అన్నాడు. భయపడుతూనే మురిసిపోతున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పనిని ఎవరూ అట్లా మెచ్చుకోలేదు మరి, నేను కూడా మెచ్చుకోలేదు. అయినా నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంచి చెయ్యే ఆయన్ని తీసుకుపోతుంది కదా అనిపించింది. అప్పుడే నాకా ఆలోచన వచ్చింది.

సంతకు ముందురోజు మధ్యాహ్నం ఆయన క్షౌరానికి పోయాడు. తలుపు గడియ పెట్టి తుపాకీ విప్పాను. స్ప్రింగును కాలితో గోడకు అదిమిపట్టి లోపలి వాషర్ తీశాను. రెండుసార్లు జారి వేలి కణుపు చీరుకుపోయింది. పాత గన్నులోంచి తీసి పారేసిన వాషర్ ఒకటి డబ్బాలో ఉంది. ఎండి, బీటలువారి, పనికిరానిది. దాన్ని వేసి మళ్లీ బిగించాను. నూనె తాగి మెత్తగా ఉన్న మంచి వాషర్‌ను పొయ్యిలో పడేశాను.

"ఏందే కమురు వాసన?" అన్నాడు ఆయన వస్తూనే.

"పాలు పొంగినయ్."

"వేలుకేమైంది?"

"కత్తిపీట తగిలింది."

ముందే ఆయనకు చెప్పి చేయొచ్చు కదా అని మీరు అనొచ్చు. చెబితే ఆయన నటించాలి. ఆ మొహంతో నటిస్తే మా ఇద్దరి కొంపా మునిగేది. ఆయన నిజంగా సిగ్గుపడాలి, నిజంగా చెమట పట్టాలి. అది నాకు ఆ రోజే తెలుసు, తెలిసే చేశాను.

పొద్దున ఒకసారి కాల్చి చూసుకుంటానంటే బస్సు పోతుందని తొందరపెట్టాను. సంతలో మొదటి గుండు నాలుగడుగుల దూరంలో మట్టిలో పడింది. రెండోది ఇంకా ముందే పడింది. ఒకాయన, "దీనికంటే ఉండేలు నయం" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. మా ఆయన చెప్పు తోలు మార్చాడు, స్క్రూలు బిగించాడు, మళ్లీ కాల్చాడు. గుండు ఆయన కాళ్ల దగ్గరే పడింది.

అతను అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు.

"బాగు చెయ్యి, చూస్త" అన్నాడు.

నా దగ్గర ఊపిరి ఉంటే కదా బెలూన్లు ఊదడానికి. పాత వాషర్ సంగతి ఆయన కనిపెడితే ఏమిటి గతి? కానీ లోపలి వరకూ విప్పే సామాను సంచిలో లేదు, నేనే ఇంటి దగ్గర వదిలేయించాను. అరగంట ఆయన దాంతో కుస్తీ పట్టాడు. ముక్కు కొస నుంచి చెమట తుపాకీ మీద పడుతోంది. చివరికి తల ఎత్తి, "ఎందుకో తెలుస్తలేదు" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన గొంతు ఎట్లా ఉందో నేను రాయలేను.

"నువ్వు చేసిందే నీకు తెలుస్తలేదంటే, మావేం చూస్తవ్?" అన్నాడు అతను. విసుగ్గా తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నేను కూర్చున్న చోటే ఏడ్చేశాను. నవ్వులపాలైనందుకు ఏడుస్తున్నాననుకుని ఆయన నన్ను ఓదార్చాడు.

తిరుగు ప్రయాణంలో భద్రాచలంలో బస్సు మారాలి. ఆయన స్నానఘట్టం మెట్లు దిగి, రెండు నెలలు తిరిగి ఏరి తెచ్చిన ఆ తుపాకీని గోనెసంచితో సహా గోదావరిలోకి విసిరేశాడు. విప్పి చూడనైనా లేదు. నా గుండెల మీంచి బండ దిగినట్టయింది, దాచడమెందుకు. ఆ తర్వాత బోర్డు అమ్మేశాం. ఆయన పత్తి మిల్లులో హమాలీగా చేరాడు, పానాలు, స్క్రూడ్రైవర్లు ఎవరికో ఇచ్చేశాడు. ఎవరైనా పాత పరిచయంతో ఏదైనా బాగుచేయమని తెస్తే, "నా చేతుల ఏం లేదు" అంటాడు.

మొన్న మా ఇంట్లో సైకిల్ పంపు గాలి పట్టడం మానేసింది. వాషర్ ఎండింది, అంతే. నాలుగు చుక్కల నూనె చాలు. ఆయన దాన్ని రెండుసార్లు నొక్కి చూసి, "షాపుల ఇస్త" అని గోడకు ఆనించి బయటికి పోయాడు. వాషర్ మార్చింది నేనేనని ఇప్పుడు ఆయనకు చెప్పొచ్చు. ఆ సంతకు వచ్చినవాడంటే నాకు భయం పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా భయమంతా ఈయనంటేనే. ప్రాణం కాపాడినందుకు కోప్పడడు. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదే అని మాత్రం అడుగుతాడు.

పంపు విప్పి వాషర్‌కు నూనె రాసి, మళ్లీ బిగించి గోడకు పెట్టాను. సాయంత్రం ఆయన వచ్చి దాన్ని తీసుకుపోబోతూ ఒకసారి నొక్కాడు. గాలి బుస్సుమంది. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దానంతటదే బాగయ్యిందే" అన్నాడు.

"అవ్" అన్నాను.