వంగిన తలుపు

2023 నవంబరు. దోహాలో, వెస్ట్ బే మేడలు కిటికీలోంచి కనిపించే ఒక ఆర్ట్ గ్యాలరీలో నేను రిజిస్ట్రార్‌ని. ఆ మాట వినగానే మా తెనాలి బంధువులు పొలాల రిజిస్ట్రేషన్ అనుకుంటారు. నా పని వేరు. బయటి దేశాల నుంచి అరువు తెచ్చిన బొమ్మలు పెట్టెలోంచి బయటికి రాగానే అంగుళం అంగుళం చూసి, ఎక్కడ గీత పడింది, ఎక్కడ రంగు లేచింది అన్నీ రాసుకోవాలి. దాన్ని కండిషన్ రిపోర్ట్ అంటాం. తిరిగి పంపేటప్పుడు కొత్త గీత కనిపించిందంటే ఆ తప్పు మాదే.

ఆ నెల ఒక చెక్ చిత్రకారుడి ప్రదర్శన వచ్చింది. ఆయన ఆర్కిటెక్ట్ కూడా. సుమారు వందేళ్ళ కిందట ప్రాగ్‌లో పాత పద్ధతులన్నీ కాదని కొత్తదారి పట్టిన కుర్రవాళ్ళలో ఆయనొకరు. బొమ్మ మనిషి రోజూ ముట్టుకునే చోట ఉండాలని ఆయన పట్టుదల. అందుకే తాను కట్టిన ఇళ్ళలో తలుపులకీ, అలమరాలకీ, మెట్ల పక్క గోడలకీ తనే బొమ్మలు వేసేవాడు. మొత్తం కట్టినవి మూడే ఇళ్ళు. ఒకటి యుద్ధంలో పోయింది. ఇంకోటి రోడ్డు కోసం కొట్టేశారు. మూడోది సొంతిల్లు. ప్రభుత్వం మారాక అదీ లాగేసుకున్నారు, తర్వాత పడగొట్టేశారు. ఇల్లు ఖాళీ చేసే రోజున వంటింటి అలమర తలుపు ఒక్కటి ఊడదీసి, భుజాన పెట్టుకుని బయటికొచ్చాడట. ఆపైన బతికినన్నాళ్ళూ ఒక ఆఫీసులో కూర్చుని పశువుల కొట్టాలకు ప్లాన్లు గీశాడు.

ఈ సంగతులు చెప్పింది ఆయన మనవరాలు ఇరేనా. అరవై దాటిన మనిషి. బొమ్మలతో పాటు కొరియర్‌గా వచ్చింది. అంటే పెట్టె తెరిచినా, బొమ్మని కదిపినా తను పక్కనే ఉండి చూడాలి, సంతకం పెట్టాలి. తలుపు బయటికి తీసినప్పుడు ఆమె దాన్ని తాకకుండానే, పైన గాలిలో చేత్తో నిమిరింది.

"తాత కట్టినవాటిలో మిగిలింది ఇదొక్కటే," అంది ఇంగ్లీషులో.

నీలం, ఎరుపు, నడుమ పెద్ద పసుపు అర్ధచంద్రం. తలుపు కాస్త విల్లులా వంగి ఉంది. పొయ్యి పక్కన ఉండడంతో వేడికి వంగిందని పాత రిపోర్టుల్లోనే రాసుంది. నేనది చదివాను కూడా.

మర్నాడు మా గ్యాలరీ పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. తలుపుని క్లిప్పులతో గోడకు అమర్చింది ఖాజా భాయ్. కామారెడ్డి ఆయన, మా దగ్గర వడ్రంగి. లైట్లు వేసేసరికి ఆ వంపు నీడ గోడ మీద ఎబ్బెట్టుగా పడింది. నాకు చిన్నప్పట్నుంచీ ఓ రోగం, వంకర కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఇరేనా భోజనానికి వెళ్ళింది. ఆమె లేకుండా ముట్టుకోకూడదని నాకు తెలుసు.

"భాయ్, కింద క్లిప్పు ఇంకొంచెం బిగించండి."

"వద్దు మేడం. పాత చెక్క. దానికి ఎట్ల నచ్చిందో అట్ల కూసున్నది. బిగిస్తె పగుల్తది."

"ఒక్క చుట్టేగా. రేపు వచ్చినవాళ్ళు నన్నే అడుగుతారు."

"జర ఆ మేడంని రానియ్యుండ్రి."

"నేను చెబుతున్నాగా. యల్లా, కానివ్వండి!"

ఆయన స్క్రూ తిప్పాడు. ఎండుపుల్ల విరిగినంత చప్పుడు. పసుపు రంగు మీద వెంట్రుకంత సన్నని గీత, జానెడు పొడవు.

ఖాజా భాయ్ స్క్రూ వెనక్కి తిప్పి, నిచ్చెన దిగి, నా ముఖం చూడకుండా అన్నాడు.

"నా చేతితోనె అయ్యింది మేడం. నా పేరె రాయుండ్రి. మీ పిల్లలు ఈడ సదువుకుంటున్నరు."

"మీ పిల్లలు చదవట్లేదా?"

"సదువుతున్నరు. ఊర్ల."

వడ్రంగి బిగిస్తుంటే పగిలిందని ఒక్క ముక్క రాస్తే చాలు. అందులో అబద్ధం కూడా లేదు. ఆయన్ని మా దగ్గర పనికి పెట్టిన మనుషుల సరఫరా కంపెనీ వారంలో ఇంటికి విమానం ఎక్కించేది, నా జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. పెన్ను పట్టుకుని అయిదు నిమిషాలు ఆ ముక్క గురించే ఆలోచించాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చివరికి రాశాను: వడ్రంగి వద్దన్నాడు, రిజిస్ట్రార్ పట్టుబట్టి బిగించమంది, పగిలింది.

ఇరేనా వచ్చి గీత చూసింది. అరవలేదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేను క్షమాపణ చెబితే చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. కళ్ళు తుడుచుకుని రిపోర్టు చదివి, ఖాజా భాయ్ వైపు తిరిగింది.

"పగులుతుందని నీకెలా తెలుసు?"

ఆ మాట నేను ఆయనకు తెలుగులో చెప్పాను.

"ఏండ్లకేండ్లు పొయ్యి పక్కన ఉన్నదమ్మా," అన్నాడాయన. "దాని నడుము అట్లనే గట్టిపడ్డది. ముసలోళ్ళ నడుము పట్టుకోని సీద చేస్తమా?"

నేను ఇంగ్లీషులో చెప్పాక ఆమె తల ఊపింది. దాన్ని దించేది, పెట్టెలో పెట్టేది ఆయనేనని, నేను ముట్టుకోవద్దని నా ముఖం మీదే చెప్పింది. కాదనే హక్కు నాకెక్కడిది!

తలుపు ప్రదర్శనలో పెట్టలేదు. దాని వంపుకు సరిపోయేలా ఖాజా భాయ్ ఫోమ్ కోసి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు. ఆయన ఉద్యోగం నిలిచింది. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చి, ఏడాది పాటు అరువు బొమ్మల పనికి దూరంగా పెట్టారు.

నా పేరు నేనే రాసుకున్నానని తెలిసినవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. నిజం రాయడం ఆ రోజు నా రెండో పని. తెలిసినవాడు వద్దన్నప్పుడు ఆగడం మొదటి పని. అది చెయ్యలేదు. యుద్ధాన్నీ, రోడ్డునీ, సర్కారునీ తప్పించుకుని వచ్చిన తలుపది. నా చేతికొచ్చి పగిలింది.