రాతి మీద రేచల్

ఇరవై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి విరమించాక, ఎఫీ మకాస్కిల్ తన ఊరు బ్రాక్ కోవ్‌లో చర్చి హాల్లో ఒక మూల బల్ల వేసుకుని కూర్చుంది. స్కాట్లండు నుంచి వలసవచ్చిన ఆ ఊరివాళ్ళ వంశాలు వెతికి పెట్టడం ఆమె పని. వేసవి వస్తే చాలు, బోస్టన్ నుంచీ టొరంటో నుంచీ వాళ్ళ వారసులు తాతలనాటి గళ్ళ బట్టలు చుట్టుకుని దిగేవారు. తమ ముత్తాత స్కాట్లండులో పెద్ద దొర అని ఒకటే ఊదరగొట్టేవారు. తీరా జనాభా లెక్కలు తిరగేస్తే ఆ దొరగారు పొరుగువాడి పొలంలో కూలికి బంగాళాదుంపలు తవ్వుతూ దొరికేవాడు. మొహాలు మాడ్చుకుని వెళ్ళిపోయేవారు. తాత కూలివాడైతే కొంపేం మునిగిందో ఎఫీకి అర్థమయ్యేది కాదు. ఆ ముష్టి గొప్పలంటే ఆమెకు వెగటు.

ఆ వెగటు సొంతింటికే వచ్చింది. ఆమె పెదనాన్న కొడుకు మర్డాక్ హాలిఫాక్స్‌లో ఇళ్ళు అమ్మి బాగా గడించాడు. మకాస్కిల్ వాళ్ళందరినీ పోగేసి, ముత్తాత నీల్ పేరిట పాత పొలంలో రాయి నిలబెడతానన్నాడు. స్కాట్లండు నుంచి వచ్చి ఓడ దిగిన రోజున నీల్ తన తల్లిని వీపున మోసుకుని అడవిలో నడిచాడని ఇంట్లో అందరూ చెప్పుకునే కథ. దాన్నే చెక్కిస్తాడట. తేదీలూ పట్టా వివరాలూ ఎఫీ చూసిపెట్టాలట.

ఎఫీ భూమి దస్తావేజులతో మొదలుపెట్టింది. పట్టా నీల్ పేరున లేదు, విధవరాలైన అతని తల్లి రేచల్ పేరున ఉంది. కొన్నేళ్ళకి ఆమె భూమంతా కొడుక్కి రాసిచ్చింది. బదులుగా బతికినన్నాళ్ళూ ఒక గది, పొయ్యిలోకి కట్టెలు, ఒక ఆవు పాడి, టీ, చనిపోతే మర్యాదగా ఖననం. ఆ రోజుల్లో ముసలివాళ్ళంతా అలాగే రాయించుకునేవారు. తర్వాతి జనాభా లెక్కల్లో రేచల్ నీల్ ఇంట్లోనే ఉంది. ఎఫీ సంతోషించబోయింది. కానీ ఆమె పేరుకి ఎదురుగా 'తల్లి' అని లేదు. 'ఊరి సొమ్ము మీద బతికే బీదరాలు' అని ఉంది.

అప్పట్లో దిక్కులేని ముసలివాళ్ళని ఏటా బడిలో వేలం వేసేవారు. వాళ్ళని పోషించడానికి ఊరి నిధి నుంచి ఎవరు తక్కువ సొమ్ము అడిగితే వాళ్ళకి అప్పగించేవారు. ఎఫీ ఆ నిధి లెక్కలు తెప్పించి చూసింది. భూమి రాయించుకున్న నీల్, తల్లికి చిల్లిగవ్వ ఆస్తి లేదని ప్రమాణం చేశాడు. ఆమెను వేలానికి పెట్టించి, తనే తక్కువకి పాడుకున్నాడు. మాట ప్రకారం ఊరికే పెట్టాల్సిన తిండికి ఊరి దగ్గర కూలి తీసుకున్నాడు! ఎఫీ ఆ లెక్కల్ని ముట్టుకున్న చేతుల్ని సబ్బుతో కడుక్కుంది.

మేనత్త సేడీకి తొంభై దగ్గరపడ్డాయి. నీల్ పెళ్ళాం ఒళ్ళో పెరిగిన మనిషి. ఎఫీ వెళ్ళి అడిగితే ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు.

"మోసిన మాట నిజమేనే. నాయనమ్మ చెప్పేది. ఓడ దగ్గర్నుంచి కాదు, బడి దాకా. ముసల్ది వేలానికి రానని గుమ్మం పట్టుకుని కూచుందట. చేతులు విడదీసి వీపునేసుకుపోయాడు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తా?"

"మీరంతా అది చెప్పుకుని మురుస్తుంటే, ఏం చెప్పను?"

ఎఫీ మర్డాక్‌కి ఫోన్ చేసి, అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. భూమి రేచల్‌ది కాబట్టి రాతి మీద రేచల్ పేరుండాలి, లేకపోతే తన కాగితం ఒక్కటి కూడా ఇవ్వనంది. మర్డాక్ గొడవపడతాడనుకుంది. పడలేదు. అవి కరువు రోజులనీ, ఇప్పుడవన్నీ తవ్వుకోవడం ఎందుకనీ గొణిగి, పేరు తప్పకుండా చెక్కిస్తానన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే ఎఫీ అనుమానించాల్సింది.

ఆగస్టులో అందరూ చేరారు. ఓట్ రొట్టెలు, చేప ముక్కల పులుసు, బ్యాగ్‌పైపు వాద్యం. మర్డాక్ రాయి మీద కప్పిన గుడ్డ లాగాడు. 'నీల్ మకాస్కిల్. కన్నతల్లి రేచల్‌ను వీపున మోసి తెచ్చి, తుదిశ్వాస దాకా కంటికి రెప్పలా కాచినవాడు.' జనం చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఎఫీకి ఒళ్ళంతా కంపరమెత్తింది. తను పట్టుబట్టి పెట్టించిన పేరునే తీసుకుని అబద్ధానికి అతికించాడు. ఆ ముసలమ్మను రెండోసారి పాడుకున్నట్టే ఉంది.

వంశం చదవడానికి మర్డాక్ ఆమెనే పిలిచాడు. ఆ ఊళ్ళో నీల్ అన్నా, మర్డాక్ అన్నా ఒక్కడే ఉండడు. ఒకే పేరుతో పదిమంది. అందుకే ప్రతివాడికీ ఊరు ఒక ముద్దుపేరు తగిలిస్తుంది, వంశం చదివేటప్పుడు దాన్ని కలిపే చదవాలి. ఎఫీ గొంతు పెంచకుండా చదివింది.

"నేను ఎఫీని. ఫిడేలు డాన్ కూతుర్ని. డాన్ ఎర్ర రోరీ కొడుకు. రోరీ, కన్నతల్లిని వేలంలో పాడుకున్న వేలం నీల్ కొడుకు. నీల్ రేచల్ కొడుకు. ఈ పొలం రేచల్‌ది."

చక్రాల కుర్చీలో ఉన్న సేడీ అత్త, అవునన్నట్టు తలాడించింది. మర్డాక్ బ్యాగ్‌పైపు వాయించేవాడికి మొదలుపెట్టమని సైగ చేశాడు. తర్వాత పక్కకి వచ్చి, పళ్ళు బిగబట్టి అన్నాడు.

"వాడు నీకూ ముత్తాతే. మర్చిపోకు."

"మర్చిపోతే ఇంత రోత పుట్టేది కాదు," అంది ఎఫీ. భోజనం ముట్టకుండా ఇంటికొచ్చేసింది.

రాయి అలాగే ఉంది. యాత్రికులు ఫొటోలు తీసుకుంటున్నారు. అయితే వారం తర్వాత, ఇంకా ఊళ్ళోనే ఉన్న మర్డాక్ సహకార దుకాణంలో సరుకులు ఖాతాలో రాయమన్నాడు. ఖాతాల్లో నలుగురు మర్డాక్ మకాస్కిల్‌లు కనిపించారు. దుకాణం అమ్మాయి గొంతులో వేళాకోళం ఏమీ లేదు, కలం పట్టుకుని మామూలుగా అడిగింది.

"ఏ మర్డాక్ అండీ? వేలం నీల్ వాళ్ళ మర్డాకా?"

అతని వెనకే వరుసలో పాల సీసాతో నిలబడి ఉంది ఎఫీ.

"ఔనమ్మా, వాళ్ళే," అంది. "నా ఖాతా మీద కూడా అదే పేరు రాయి. మేమంతా వేలం నీల్ వాళ్ళమే."